పాసుబుక్కులో 5 లక్షల సీలు పడింది... మిగతా డబ్బు మాటేమిటి?

ప్రశ్న: అయ్యా, మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. నా వయసు 61. మా ఆయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. ఆయనకు రావలసిన డబ్బులు, ఇన్సూరెన్సు, ఒక ప్లాటు అమ్మితే వచ్చింది, అన్నీ కలిపి 23 లక్షలు మా వీధి చివర గ్రామీణ బ్యాంకులో ఉన్నాయి. వచ్చే ఏడాది చిన్నమ్మాయి పెళ్లికి 8 లక్షలు కావాలి. మిగతా దాని మీదే నేను బతకాలి. పోయిన నెల పాసుబుక్కు ప్రింటు వేయించుకుంటే మొదటి పేజీలో "డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు బీమా" అని సీలు కొట్టిచ్చారు. పక్కింటాయన చూసి, "అంటే పైన 18 లక్షలకు బ్యాంకు పూచీ లేదన్నమాట" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. పైగా బ్యాంకు బోర్డు మీద పేరు మళ్లీ మారింది, ఇది మూడో పేరు. మా అన్న కొడుకు టౌన్లో ఒక సొసైటీకి డిపాజిట్లు కట్టిస్తుంటాడు. "ఇదీ బ్యాంకే అత్తా, గవర్నమెంటు రిజిస్టర్డ్, 12 శాతం వడ్డీ, మొత్తం వేస్తే నెలకు 23 వేలు ఇంటికి తెచ్చిస్తా" అంటున్నాడు. ఆరు నెలల కిందట ఒక లక్ష వేశాను. నెలనెలా ఒకటో తేదీకల్లా వెయ్యి రూపాయలు టంచనుగా ఇస్తున్నాడు. బెంగళూరులో ఉన్న కొడుకేమో నామినీగా తన ఒక్కడి పేరే రాయమంటున్నాడు. ఏం చెయ్యమంటారు? సొసైటీ కరపత్రం జిరాక్సు జత చేశాను.
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సీలు ఉన్న పుస్తకం చూసి మీకు నిద్ర పట్టడం లేదు. ఏ సీలూ లేని చోట లక్ష వేసి మాత్రం నిశ్చింతగా ఉన్నారు. భయపడాల్సిన చోటు అటుది ఇటయింది.

ముందు సీలు సంగతి. అది మీ బ్రాంచి మేనేజరు సొంతంగా వేసింది కాదు. రిజర్వ్ బ్యాంకు చెప్పబట్టే బ్యాంకులు ఈ సమాచారం పాసుబుక్కులో వేస్తున్నాయి. డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ అని రిజర్వ్ బ్యాంకుకే చెందిన సంస్థ ఒకటి ఉంది. మీ బ్యాంకు మునిగిపోతే ఆ సంస్థ మీకు 5 లక్షల వరకు కట్టిస్తుంది. ఇందుకు ప్రీమియం కట్టేది బ్యాంకే. నూరు రూపాయల డిపాజిట్‌కు ఏడాదికి 12 పైసలకు మించదు. మీ ఖాతాలోంచి పైసా కోయకూడదు.

"పైన 18 లక్షలకు పూచీ లేదు" అన్న పక్కింటాయన రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు. మొత్తం 23 లక్షలకూ బ్యాంకు మీకు బాకీ. బ్యాంకు నడిచినంత కాలం, మీరు అడిగిన రోజున ఆ 23 లక్షలూ ఇచ్చి తీరాలి. 5 లక్షలన్నది బ్యాంకు బాధ్యతకు హద్దు కాదు. బ్యాంకు చేతులెత్తేసిన రోజున బీమా సంస్థ ఇచ్చే సొమ్ముకు హద్దు. లారీకి ఇన్సూరెన్సు 10 లక్షలకు చేయించామంటే లారీ విలువ 10 లక్షలే అని కాదు కదా.

ఈ బీమా పుట్టుక వెనక ఒక కథ ఉంది. 1960లో కేరళలో పాలయ్ సెంట్రల్ బ్యాంకు మూతపడింది. అప్పట్లో అది చిన్న బ్యాంకేమీ కాదు. జనం గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది, 1962 జనవరి 1 నుంచి బీమా మొదలైంది. అప్పుడు హద్దు 1,500 రూపాయలు. పెంచుతూ పెంచుతూ 1993లో లక్ష చేశారు. అక్కడ బండి ఆగిపోయింది. దాదాపు 27 ఏళ్లు లక్ష దగ్గరే ఉంది. 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలు చేశారు. ఇంకా పెంచాలని నా అభిప్రాయం. జీవితమంతా పనిచేసి దాచుకున్నవాళ్లకు 5 లక్షలు ఏ మూలకు? కానీ ప్రస్తుతం ఉన్నది అదే కాబట్టి దాన్నే తెలివిగా వాడుకోవాలి. ఎలాగన్నది తరవాత చెబుతాను.

మీరు బ్యాంకులో డబ్బు "దాచాను" అనుకుంటున్నారు. నిజానికి మీరు బ్యాంకుకు అప్పిచ్చారు. ఇది నా మాట కాదు, చట్టం మాటే. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకింగ్ అంటే ఏమిటో చెబుతూ, అప్పులివ్వడానికో పెట్టుబడి పెట్టడానికో జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం అంటుంది. లాకర్లో పెట్టిన నగ మీరు పెట్టిన నగే. డిపాజిట్ అలా కాదు. మీ నోట్లు ఆ సాయంత్రమే ఇంకెవరికో వెళ్లిపోతాయి.

ఎక్కడికి వెళతాయో మీ నూరు రూపాయలతో చూద్దాం. ఇప్పుడున్న లెక్క ప్రకారం అందులో 3 రూపాయలు బ్యాంకు తీసుకెళ్లి రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాలి. దానిమీద వడ్డీ కూడా రాదు. ఇంకో 18 రూపాయలు ముఖ్యంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి, అవసరమైతే వెంటనే అమ్ముకునేలా. మిగిలిన 79 రూపాయల్లోనే అప్పులిస్తుంది. మీది గ్రామీణ బ్యాంకు కాబట్టి ఆ అప్పుల్లో 75 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమ, ఇల్లు, చదువు లాంటి వాటికే పోవాలి. అంటే మీ ఆయన కష్టార్జితం ఈ పాటికి జమ్మలమడుగు దగ్గర ఒక రైతు శనగ పంటలోనో, ధర్మవరంలో ఒక మగ్గం మీదో ఉంటుంది. వాళ్లు తిరిగి కడతారు, ఆ వడ్డీలోంచి మీకు వడ్డీ వస్తుంది. కొందరు కట్టరు. ఆ దెబ్బ తగిలేది ముందు బ్యాంకు సొంత మూలధనానికి, మీకు కాదు. ఆ మూలధనం ఎంత ఉండాలో, మొండిబాకీలకు ఎంత పక్కన పెట్టాలో చెప్పేది రిజర్వ్ బ్యాంకు. ఏటా లెక్కలు తనిఖీ అవుతాయి, తేడా వస్తే కొత్త అప్పులివ్వొద్దనో కొత్త బ్రాంచీలు తెరవొద్దనో ముక్కుతాడు వేస్తారు.

ఇదంతా ఉన్నా బ్యాంకులు మునగవా? మునుగుతాయి. మన తెలుగువాళ్లు మరిచిపోని ఉదాహరణ గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు. హైదరాబాదు కేంద్రంగా ఆర్భాటంగా నడిచింది. 2004 జులై 24న దానిమీద మారటోరియం పడింది, ఖాతాకు 10 వేలకు మించి తీయకూడదన్నారు. మూడు వారాలు తిరిగేలోపు, ఆగస్టు 14కల్లా, దాన్ని ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు పోలేదు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు వంతు. 50 వేల హద్దు పెట్టారు, రెండు వారాలైనా కాకముందే స్టేట్ బ్యాంకు వగైరాలు పెట్టుబడి పెట్టి లేపాయి. అదే ఏడాది నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకు. పది రోజుల్లో ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. ఆ పది రోజులూ డిపాజిటర్లు పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కానీ డబ్బు చేతికొచ్చింది.

ముంబైలో పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు కథ ఇంకో రకం. 2019 సెప్టెంబరులో ఆంక్షలు పడిన రోజున ఆరు నెలలకు వెయ్యి రూపాయలు తీసుకోవచ్చన్నారు. వెయ్యి! తరవాత ఆ హద్దు పెంచారనుకోండి. 2022 జనవరిలో దాన్ని యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిపారు. 5 లక్షల లోపు వాళ్లు బీమా సొమ్ముతో ఒడ్డున పడ్డారు. పెద్ద మొత్తాలున్నవాళ్లకు మిగతాది విడతలవారీగా, 10 ఏళ్ల దాకా అని రాశారు. 5 లక్షల హద్దుకు అర్థం తెలిసేది ఇలాంటి చోటే. ఆ గొడవ తరవాతే 2021లో చట్టం సవరించారు. రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టి ఖాతాలు స్తంభింపజేస్తే, బ్యాంకు పూర్తిగా మూతపడేదాకా ఆగకుండా 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలన్నారు. అంతకుముందు ఏళ్లు పట్టేది.

ఇక మీ బ్యాంకు పేరు రెండుసార్లు మారి మూడో పేరు రావడం. మొదట్లో అది రాయలసీమ గ్రామీణ బ్యాంకు. 2006 జూన్‌లో అనంతపురం వైపు శ్రీ అనంత, నెల్లూరు వైపు పినాకిని, మన రాయలసీమ, ఈ మూడూ కలిసి ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. హెడ్డాఫీసు కడపలోనే ఉండేది. ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు చాలని కేంద్రం అనుకోవడంతో 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. కోడలికి ఇంటిపేరు మారినట్టే, మనిషి మాత్రం ఆ మనిషే. మీ డిపాజిట్లు, మీ రసీదులు కొత్త పేరున చెల్లుతాయి. ఐఎఫ్ఎస్‌సీ కోడ్, చెక్కుబుక్కు మారాయేమో కౌంటరులో ఒక్కసారి అడగండి. పెన్షన్ వచ్చే చోట పాత కోడ్ ఉంటే మార్పించండి.

ఈ బ్యాంకులో సగం వాటా కేంద్రానిది, 15 శాతం రాష్ట్రానిది, 35 శాతం స్పాన్సర్ బ్యాంకుది, అంటే దీని వెనక నిలబడ్డ పెద్ద బ్యాంకుది. 1976లో పార్లమెంటు చేసిన గ్రామీణ బ్యాంకుల చట్టం కింద నడుస్తుంది. మామూలు కంపెనీని మూసినట్టు దీన్ని మూయడం కుదరదు, కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఉండాలి. జాతీయం చేసిన బ్యాంకులకూ, స్టేట్ బ్యాంకుకూ ఇలాంటి రక్షణే ఉంది. 23 లక్షలూ ఇక్కడే ఉన్నా నాకైతే నిద్ర పడుతుంది. కాకపోతే విలీనాల వల్ల ఒక చిక్కు ఉంది, అది చాలామంది గమనించరు. రెండు బ్యాంకుల్లో తలా 5 లక్షలు పెట్టుకున్నవాళ్లు, ఆ రెండూ ఒకటైపోతే రెండు బీమాలు ఉన్నాయనుకుంటూనే ఉంటారు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసినప్పుడు అదే జరిగింది. బ్యాంకు ఒకటైతే బీమా కూడా ఒకటే.

వదంతికి జనం ఎలా పరిగెత్తుతారో నేను కళ్లారా చూశాను. 31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ భాగం అనంతపురం, కర్నూలు జిల్లాల్లోనే. తాడిపత్రి దగ్గర ఒక బ్రాంచిలో ఉండగా, ఏదో ఊళ్లో ఏదో బ్యాంకు మూతపడిందన్న కబురు మా బ్యాంకుకు అంటుకుంది. పొద్దున పదింటికి షట్టరు ఎత్తేసరికి లైను వేపచెట్టు దాటి రోడ్డు మీదికి పోయింది. మా మేనేజరు అనంతపురం నుంచి అదనంగా క్యాష్ తెప్పించి, క్యాషియర్ వెనక బల్ల మీద కట్టలు వరుసగా పేర్పించాడు, లైన్లో ఉన్నవాళ్లకు కనపడేలా. ఎవరు అడిగినా కాదనొద్దు, విసుక్కోవద్దు అన్నాడు. ఒక ముసలాయన 40 వేలు తీసుకుని, ఒక్కో నోటూ తడిమి లెక్కపెట్టి, తువ్వాల్లో మూట గట్టి, నడుముకు బిగించుకుని వేపచెట్టు కింద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం వేళయినా కదల్లేదు. నాలుగు గంటలకు మేం షట్టరు దించుతుంటే లేచొచ్చి, "సారూ, ఊరికి పోయే బస్సు దాటిపోయె, ఈ మూటతో చీకట్లో ఎట్ల పోవాల, ఈ రాత్రికి లోపలే పెట్టుకోండి" అన్నాడు. లెక్కలు క్లోజ్ చేసినా మళ్లీ తెరిచి కట్టించుకున్నాం. లైను మర్నాడు మధ్యాహ్నానికి పూర్తిగా పోయింది.

ఎంత మంచి బ్యాంకైనా అందరూ ఒకే రోజు వచ్చి అడిగితే ఇవ్వలేదు, ఎందుకంటే 79 రూపాయలు పొలాల్లో, మగ్గాల్లో ఉన్నాయి. అలాంటి రోజున బ్యాంకుకు అప్పిచ్చి ఆదుకోవడానికే రిజర్వ్ బ్యాంకు ఉంది. అనంతపురం నుంచి మాకు క్యాష్ వచ్చింది ఆ వెన్నుదన్ను ఉండబట్టే. ఇప్పుడు అడుగుతాను, మీ మేనల్లుడి సొసైటీ ముందు అలాంటి లైను పడితే వాళ్లకు క్యాష్ ఎక్కడి నుంచి వస్తుంది?

కరపత్రం చూశాను. పైన లక్ష్మీదేవి బొమ్మ, మధ్యలో ఎర్రటి పెద్ద అక్షరాల్లో 12 శాతం, పక్కన "గవర్నమెంట్ రిజిస్టర్డ్". కింద, జిరాక్సులో సగం చెరిగిపోయిన చీమతలకాయంత అక్షరాల్లో "ఈ పథకం సభ్యులకు మాత్రమే". ఎక్కడా "బ్యాంకు" అన్న మాట లేదు. మీ మేనల్లుడు నోటితో అన్నాడే గానీ కాగితం మీద రాయలేదు. రాయలేరు కూడా, ఎందుకంటే రిజర్వ్ బ్యాంకు లైసెన్సు లేకుండా పేరులో బ్యాంకు అని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

మీ ఆయన డ్రైవరు కాబట్టి మీకిది సులువుగా అర్థమవుతుంది. బండికి నంబరు ప్లేటు వేరు, ప్యాసింజర్లను ఎక్కించుకునే పర్మిట్ వేరు, ఇన్సూరెన్సు వేరు. "గవర్నమెంట్ రిజిస్టర్డ్" అంటే నంబరు ప్లేటు ఉందని మాత్రమే. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, మనవాళ్లు మ్యాక్స్ అంటుంటారే, దాని కింద కొద్దిమంది చేరి సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ చట్టం ఉద్దేశం మంచిదే. సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే పొదుపు చేసుకుని, సభ్యులకే అప్పులిచ్చుకోవాలని. ఒకరినొకరు ఎరిగిన ఊళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్ల పొదుపు సంఘాలు దాన్ని చక్కగా నడుపుతున్నాయి. చిక్కల్లా టౌన్లో ఆఫీసు తెరిచి, దారినపోయేవాళ్లతో వంద రూపాయలు కట్టించి "సభ్యులు" అనిపించి లక్షలు వసూలు చేసేవాళ్లతోనే. వాళ్లకు రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉండదు, నూటికి 3, నూటికి 18 అన్న కట్టుబాటు ఉండదు, డిపాజిట్ బీమా ఉండదు. ఓటు లేని, పేరుకు మాత్రమే సభ్యులైనవాళ్ల దగ్గర డిపాజిట్లు తీసుకునే ఇలాంటి సొసైటీల గురించి 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే మంచివాళ్లకు అన్యాయం జరుగుతుంది. సహకార అన్న పేరున్నవన్నీ ఒకటి కాదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు, లైసెన్సున్న టౌన్ బ్యాంకులకు ఈ 5 లక్షల బీమా ఉంది. ఊళ్లలో పంట రుణాలిచ్చే ప్రాథమిక సొసైటీల్లో వేసిన డిపాజిట్లకు లేదు. బోర్డు చూసి తేల్చుకోవద్దు, లైసెన్సు చూసి తేల్చుకోండి.

12 శాతమంటే మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. మీకు రూపాయి ఇచ్చేవాడు, ఆఫీసు అద్దె, జీతాలు, మీ మేనల్లుడి కమీషన్ పోను మిగలాలంటే రూపాయిన్నరకో రెండు రూపాయలకో అప్పివ్వాలి. ఆ వడ్డీకి అప్పు ఎవరు తీసుకుంటారు? బ్యాంకు గడప తొక్కితే కాదని పంపించినవాళ్లు. లేదా సొసైటీ పెద్దల సొంత రియల్ ఎస్టేట్. మీ లక్ష వాటిలో ఎక్కడుందో మీకు గానీ మీ మేనల్లుడికి గానీ తెలియదు.

ఆరు నెలలుగా వెయ్యి టంచనుగా వస్తోంది కదా అంటారు. లెక్క వేయండి. మీ లక్షలోంచే తీసి నెలకు వెయ్యి చొప్పున మీ చేతిలో పెట్టినా వంద నెలలు ఇవ్వొచ్చు, ఎనిమిదేళ్లకు పైగా. వడ్డీ సకాలంలో రావడం దేనికీ రుజువు కాదు. అసలు అడిగిన రోజున ఇస్తేనే రుజువు. అగ్రిగోల్డ్ ఏజెంట్లు కూడా మన చుట్టాలే, మన ఊరివాళ్లే. అది బ్యాంకు కాదు, బీమా లేదు. లక్షల మంది ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, జాబితాల చుట్టూ తిరిగారు. చివరికి 10 వేలు, 20 వేల లోపు కట్టినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి ఇవ్వాల్సి వచ్చింది. ఏజెంట్లలో చాలామంది తమ డబ్బు కూడా అందులోనే పోగొట్టుకున్నారు. మీ మేనల్లుడు మోసగాడని నేననడం లేదు. నిజంగా నమ్మే తెస్తుండవచ్చు. నమ్మేవాడు తెస్తేనే మనం కూడా నమ్ముతాం, అదే కదా ఇబ్బంది.

మీ లక్షకు గడువు ఎప్పుడో రసీదులో చూడండి. ముందుగా తీసుకునే వీలుంటే, పెళ్లి ఖర్చు వంక చెప్పి ఇప్పుడే అడగండి. కొంత వడ్డీ కోస్తే కోయనివ్వండి. ఇవ్వడానికి ఎన్ని రోజులు తిప్పుకుంటారో చూస్తే ఆ సొసైటీ గురించి నాకంటే బాగా మీకే తెలుస్తుంది.

ఇక 23 లక్షలు. మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. 10 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తాను. 60 దాటినవాళ్లకు 30 లక్షల దాకా వీలుంది, గడువు 5 ఏళ్లు. ఇది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం. మూడు నెలలకోసారి ప్రభుత్వం ఈ రేటు చూస్తుంటుంది గానీ, మీరు వేసిన రోజు రేటే మీకు 5 ఏళ్లూ ఉంటుంది. మూడు నెలలకు 20,500 చేతికొస్తుంది. మధ్యలో తీస్తే కొంత కోత పడుతుంది కాబట్టి పెళ్లి డబ్బు అందులో కలపొద్దు. ఇక్కడ 5 లక్షల లెక్క లేదు, పూచీ నేరుగా కేంద్ర ప్రభుత్వానిదే. మీ మేనల్లుడు ఇదే 10 లక్షలకు ఏడాదికి లక్షా 20 వేలు ఇస్తానంటాడు, పోస్టాఫీసు 82 వేలు ఇస్తుంది. తేడా 38 వేలు. దానికోసం 10 లక్షలు పందెం కాయాలా అన్నది మీరే ఆలోచించుకోండి.

గ్రామీణ బ్యాంకులో సేవింగ్స్‌లో 50 వేలు, ఏడాది ఫిక్స్‌డ్‌లో 4 లక్షలు ఉంచండి. 5 లక్షల బీమాలో అసలూ వడ్డీ కలిసే ఉంటాయి, అందుకే అంచుదాకా నింపకూడదు. అన్ని బ్రాంచీల్లోని మీ ఖాతాలనూ కలిపే లెక్కిస్తారు కాబట్టి, జమ్మలమడుగు బ్రాంచిలో ఇంకో ఖాతా తెరిచినా ప్రయోజనం లేదు. ఇంకో ప్రభుత్వ రంగ బ్యాంకులో మీ ఒక్కరి పేరున 4 లక్షలు వేయండి. ఈ రెండు 4 లక్షలూ పెళ్లికి. మిగిలిన నాలుగున్నర లక్షలు ఆ రెండో బ్యాంకులోనే మీరూ, చిన్నమ్మాయీ జాయింటుగా వేసుకోవచ్చు. ఒంటరి ఖాతా, జాయింటు ఖాతా వేర్వేరు హోదాలు కాబట్టి ఒకే బ్యాంకులో ఉన్నా దేనికి దానికే 5 లక్షల బీమా వర్తిస్తుంది. ప్రభుత్వ బ్యాంకులకు ఇంత జాగ్రత్త అక్కరలేదని నా నమ్మకం, కానీ ఖర్చు లేని జాగ్రత్త ఎందుకు వదులుకోవాలి?

నామినీ విషయంలో మీ అబ్బాయికి నచ్చజెప్పండి. నామినీ అంటే వారసుడు కాదు. మీ తరవాత బ్యాంకు దగ్గర డబ్బు అందుకునే మనిషి మాత్రమే. అందుకున్నాక వారసులందరికీ పంచాల్సిందే. బ్యాంకు డిపాజిట్ల విషయంలో 2010లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురిదాకా నామినీలను, ఎవరికెంత శాతమో కూడా రాసి పెట్టుకోవచ్చు. పిల్లలందరి పేర్లూ రాసేయండి, రేపు వాళ్ల మధ్య మాటలు రావు. నామినేషన్ నమోదైనట్టు బ్యాంకు దగ్గర రసీదు తీసుకుని పాసుబుక్కులోనే పెట్టుకోండి. చాలామంది ఫారం ఇచ్చి వచ్చేస్తారు, అది కంప్యూటర్లోకి ఎక్కిందో లేదో చూసుకోరు. బ్యాంకు ఏదైనా విషయంలో 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, రాయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో తెలుగులోనే చెబుతారు. సొసైటీ మీద ఫిర్యాదుకు ఆ దారి లేదు.

మేనల్లుడితో గొడవ పెట్టుకోవద్దు. ఈసారి ఒకటో తేదీన వెయ్యి తెచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, "మీ ఆఫీసు గోడకు తగిలించిన రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఫోటో తీసి పంపు నాయనా, డిపాజిట్ ఇన్సూరెన్స్ జాబితాలో మీ పేరు ఎన్నో నంబరో చూపించు" అని అడగండి. ఫోటో వస్తే నాకు పంపండి, చూసి జవాబు రాస్తాను.